దశలవారీ మందునీళ్ళు

మా ఆస్పత్రిలో క్రిములకు ఇంక్రిమెంట్లిచ్చి పైకి తీసుకొచ్చిన వైనం చెప్పాలంటే ముందు ఒక ముక్కు గురించి చెప్పాలి. ఆ ముక్కు జిల్లా పరిశుభ్రతా ప్రత్యేకాధికారి గారిది. ఆయన తనిఖీకి వచ్చి, కారు దిగి, నాలుగు మెట్లెక్కి, జేబురుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకుని, "ఇక్కడ ఆస్పత్రి వాసన వస్తోందేమిటి?" అన్నారు.

వచ్చింది ఆస్పత్రికే కాబట్టి ఆ ప్రశ్నకి ఏం జవాబు చెప్పాలో ఎవరికీ తోచలేదు. మా సూపరింటెండెంట్ డాక్టర్ త్రివిక్రమరావు గారు మాత్రం సర్వీసులో తల పండినవారు కనుక, "చర్య తీసుకుంటాం సార్" అన్నారు.

నేను ఆ ఆస్పత్రి ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. జనం గుమస్తా గారంటారు. ఆర్డరు వస్తే నకళ్ళు తీసి గోడకి అంటించడం, రాకపోతే ఎందుకు రాలేదని రాయడం నా పని. ఆ వారంలోనే ఒక ఆర్డరు వచ్చింది. పేరు పరిమళ పథకం. "రోగి ఆస్పత్రి ప్రాంగణంలో ప్రవేశించిన క్షణం నుండి, తాను ఆస్పత్రిలో ఉన్నాననే భావన వలన కలుగు మానసిక ఒత్తిడికి లోనుకాకుండుటకు గాను, క్రిమిసంహారక ద్రావణముల వాసనను నియంత్రించవలసినదిగా ఆదేశించడమైనది." చదివి సంతకం పెట్టాను. ఇంతకన్నా అర్థంలేని కాగితాలు చాలా చూశాను.

వాసన నియంత్రించాలంటే ఎలా? సూపరింటెండెంట్ గారు మార్గం కనిపెట్టారు. అప్పటిదాకా ఏ వార్డు బకెట్టులో ఆ వార్డువాళ్ళే సీసా మీద రాసిన ప్రకారం మందు కలుపుకునేవారు. ఇకమీదట స్టోరు గదిలో పెద్ద నీలం డ్రమ్ము ఒకటి పెట్టి, అందులో కలిపి, అందరికీ అక్కణ్ణుంచే పంచాలన్నారు. కలిపేటప్పుడు ఆయనే స్వయంగా వంగి వాసన చూశారు. "వస్తోంది, నీళ్ళు పొయ్యండి" అన్నారు. పోశారు. "ఇంకా వస్తోంది" అన్నారు. ఇంకా పోశారు. ఆయన ముక్కుకి ఏమీ తెలియని స్థితికి వచ్చేసరికి, ఒక బకెట్టుకి పొయ్యాల్సిన మందు డ్రమ్ముకి సరిపోయింది. ఆ నీళ్ళతోనే నేల తుడిచారు, మంచాలు తుడిచారు, కట్లు కట్టే సామాను నానబెట్టారు. డ్రమ్ము సగమైనప్పుడల్లా అందులోనే మళ్ళీ కలిపారు. అడుగంటా ఖాళీ చేసి కడిగింది మాత్రం ఎప్పుడూ లేదు.

ఆ నెల మా ఆస్పత్రికి జిల్లా స్థాయిలో ప్రశంసాపత్రం వచ్చింది. వాసన లేని ఆస్పత్రుల్లో మాది మొదటిదట.

మా లాబ్‌లో డాక్టర్ హైమ అని ఒకావిడ ఉన్నారు. క్రిముల్ని పెంచి, అవేమిటో, దేనికి చస్తాయో చెప్పడం ఆవిడ పని. వార్డుల్లో ఉన్నట్టుండి పుళ్ళు చీముపట్టడం ఎక్కువైందని చూసి, ఆవిడ ఎవరికీ చెప్పకుండా డ్రమ్ములో నీళ్ళు కాసిని పట్టుకెళ్ళారు. రెండు రోజుల తర్వాత ఒక గాజుపళ్ళెం తీసుకుని మీటింగుకి వచ్చి బల్ల మీద పెట్టారు. పళ్ళెం నిండా ఆకుపచ్చ జిగురు.

"ఇదెక్కడిది?" అన్నారు సూపరింటెండెంట్ గారు.

"మన మందునీళ్ళలోదండీ. క్రిముల్ని చంపే నీళ్ళలో క్రిములు కాపరం పెట్టాయి."

"ఎలా పెడతాయమ్మా? అది మందు కదా?"

"చావనంత మందు పోశామండీ. బలహీనమైనవి పోయాయి, కాస్త తట్టుకోగలిగినవి మిగిలాయి. పిల్లల్ని పెట్టేవి అవే కదా. వాటి పిల్లలకీ ఆ తట్టుకునే గుణం వచ్చింది. లోపలికొచ్చిన మందుని వచ్చినట్టే బయటికి తోడేసుకోవడం కొన్నిటికి తెలుసు. డ్రమ్ము గోడకి జిగురు కట్టుకుని దాని చాటున కూర్చున్నాయి. ఇంతకుముందు ఇవి అందులో ఒక్క నిమిషం బతికేవి కాదు."

సూపరింటెండెంట్ గారు పళ్ళేన్ని అటూ ఇటూ తిప్పి చూశారు. ఆయన మొహం వికసించింది.

"అంటే మన ద్రావణం సూక్ష్మజీవులకి కూడా హాని చెయ్యట్లేదన్నమాట. మనుషులకి మాత్రం ఏం చేస్తుంది? 'జీవరాశికి నిరపాయకరమని పరీక్షలో తేలినది' అని మినిట్స్‌లో రాయండి."

రాశాను. డాక్టర్ హైమ నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆవిడ అంతటితో ఊరుకునే మనిషి కాదు. డ్రమ్ము పారబోసి, రుద్ది కడిగి, ఎండబెట్టి, సీసా మీద రాసినంత మందు ఒక్కసారే పొయ్యాలని పట్టుబట్టారు. సూపరింటెండెంట్ గారు ఆవిణ్ణి కూర్చోబెట్టి ఓపిగ్గా చెప్పారు. పారబోయడం కుదరదు, అది స్టాకు. ప్రభుత్వ ఆస్తిని పారబోయాలంటే ముందు కమిటీ వేసి నిరుపయోగమని ధ్రువీకరించాలి. నిరుపయోగమంటే ఇన్నాళ్ళూ ఎందుకు వాడారని ఆడిట్‌వాళ్ళు అడుగుతారు. మందు ఒక్కసారే పెంచినా అదే తంటా, ఇన్నాళ్ళూ ఎందుకు తగ్గించారంటారు.

"అందుచేత పెంచుదాం. కానీ దశలవారీగా పెంచుదాం" అన్నారు. "వారానికి సీసా మూతతో ఒక మూత మందు. ప్రతి మూతకీ ముందు ప్రతిపాదన, తర్వాత సమీక్ష. సర్వీసులో దేన్నయినా ఒక్కసారిగా పెంచితే ఇబ్బంది. అదే ఇంక్రిమెంట్ల రూపంలో ఇచ్చామనుకోండి, ఎవరూ అడగరు."

"సార్," అన్నారు డాక్టర్ హైమ, గొంతు తగ్గించి. "చదువుకునే రోజుల్లో మేము లాబ్‌లో మొండి క్రిముల్ని తయారుచెయ్యాలంటే సరిగ్గా ఇలాగే చేసేవాళ్ళం. కొంచెం మందు పోసి, బతికినవాటిని ఉంచి, అవి అలవాటు పడ్డాక ఇంకొంచెం పోసేవాళ్ళం."

"చూశారా, శాస్త్రీయ పద్ధతేనని డాక్టర్ గారే అంటున్నారు. అదీ మినిట్స్‌లో రాయండి."

అదీ రాశాను.

అక్కణ్ణుంచి మా ఆస్పత్రిలో వారం వారం మూత పండగ జరిగింది. సోమవారం ప్రతిపాదన, బుధవారం ఆమోదం, శుక్రవారం స్టోరు గదిలో అందరి సమక్షంలో ఒక మూత మందు డ్రమ్ములో పొయ్యడం. మూత పెరిగే కొద్దీ వాసన పెరిగింది. వాసన రాకూడదని ఆర్డరుంది కనుక మల్లెపూల సెంటు తెప్పించారు. అదీ వారానికొక మూత. ఒకరోజు కళ్ళు చూపించుకోడానికొచ్చిన ముసలాయన గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, చొక్కా సర్దుకుని, "పెళ్ళికూతురు తరఫువాళ్ళు ఎవరండీ?" అని నన్నడిగాడు. ప్రత్యేకాధికారి గారికి చెబితే ఎంతో సంతోషించి, ఆ మాటని జిల్లా నివేదికలో చేర్చారు.

ఈ సంబరంలో ఉండగా మగవాళ్ళ వార్డులోకి సూరన్న వచ్చాడు. కొబ్బరి దింపు తీసేవాడు. చెట్టు మీద గెల కోస్తుంటే కత్తి జారి ఎడమ పాదం మీద పడింది. సర్జన్ గారు కుట్లు వేసి, వారం పదిరోజుల్లో నడుస్తావన్నారు. పదిరోజులకి పాదం గుమ్మడికాయంత అయింది. కుట్ల మధ్యనుంచి ఆకుపచ్చ చీము. డాక్టర్ హైమ కాస్త తీసి పెంచి చూశారు. డ్రమ్ములో ఉన్న క్రిమీ, సూరన్న కాల్లో ఉన్న క్రిమీ ఒకటే. రోజూ కట్టు మార్చే పట్టకారు ఆ మందునీళ్ళలోనే నానుతోంది మరి.

సూరన్న భార్య మంగాయమ్మ మంచం పక్కనే నేల మీద కూర్చుని ఉండేది. నేను కాగితాల కోసం వార్డుకి వెళ్ళినప్పుడల్లా లేచి నిలబడేది.

"గుమస్తా గారూ, సర్జన్ బాబుగారు ఇంకో వారం చూత్తారంటండి. తగ్గకపోతే పాదం తీసేత్తానంటన్నారండి."

"తగ్గుతుందిలే అమ్మా" అన్నాను. అలా అనడం మాకు అలవాటు.

మంచం మీంచి సూరన్న అన్నాడు, "చెట్టెక్కేది చేతుల్తో అనుకుంటారండి అందరూ. చేతులు ఊరికే సాయమండి. పట్టంతా పాదాల్దేనండి. ఒక పాదం లేపోతే నేను కింద నిలబడి చెట్టుకేసి చూడ్డమేనండి ఇంక."

ఏడుస్తూ చెప్పలేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అన్నం సరిగ్గా తినలేకపోయాను.

ఆ వారమే మూతలు పూర్తయ్యాయి. సీసా మీద రాసినంత మందు, సరిగ్గా అంతే, డ్రమ్ములో చేరింది. సూపరింటెండెంట్ గారు సమావేశం పెట్టి, అందరికీ కాజాలు పంచి, "లక్ష్యాన్ని చేరుకున్నాం" అన్నారు.

డాక్టర్ హైమ మళ్ళీ గాజుపళ్ళెం తెచ్చారు. ఈసారి ఆకుపచ్చ మరీ నిగనిగలాడుతోంది. "అవి కూడా చేరుకున్నాయండీ. ఇప్పుడు పూర్తి మోతాదులో కూడా హాయిగా ఉన్నాయి. మొదటిరోజే ఇంత పోసుంటే ఒక్కటి మిగిలేది కాదు. మనం మెట్టు మెట్టుకీ చెయ్యి అందించి ఎక్కించాం. మార్చురీకి తప్ప అన్ని వార్డులకీ పంచాం."

"మార్చురీని ఎందుకు వదిలేశారు?" అన్నారు సూపరింటెండెంట్ గారు నా వైపు తిరిగి, కోపంగా.

మీటింగయ్యాక డాక్టర్ హైమ నా బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నారు. అలసిపోయి ఉన్నారు. నా టేబుల్ మీది ఫైళ్ళ కేసి చూసి, "గుమస్తా గారూ, సూరన్న వార్డులో ఉన్న మందునీళ్ళ బకెట్టు పారబోస్తే నన్ను సస్పెండ్ చేస్తారా?" అని అడిగారు.

"చేస్తారమ్మా."

"మీరు పారబోస్తే?"

"నన్నూ చేస్తారు. స్వీపరు చేసినా, నర్సు చేసినా అంతే. సర్వీసు రూల్సు సర్వీసులో ఉన్న అందరికీ వర్తిస్తాయి."

"సర్వీసులో లేనివాళ్ళకి?"

నేను తలెత్తి చూసేసరికి ఆవిడ లేచి వెళ్ళిపోతున్నారు. మధ్యాహ్నం మంగాయమ్మ పక్కన నేల మీద కూర్చుని ఏదో చెబుతుండగా చూశాను. మంగాయమ్మ మధ్యమధ్యలో తలూపుతోంది.

మర్నాడు తెల్లారి మంగాయమ్మ చీర కుచ్చెళ్ళు ఎగ్గట్టి, వార్డులో ఉన్న మందునీళ్ళ బకెట్టు ఎత్తుకెళ్ళి వెనక కాలవలో పారబోసి, దాని మీద ఇంత బ్లీచింగ్ పౌడరు చల్లింది. బకెట్టుని బట్టల సబ్బుతో, కొబ్బరి పీచుతో గోకి గోకి తోమింది. లోపల కట్టిన జిగురు చూసి, "అమ్మ బాబోయ్, పాచి పట్టిన నుయ్యి నయం" అందట. బకెట్టు ఎండలో బోర్లించి, ఇంకో కొత్త పీచుతో మంచాలు, గట్లు, నేల వదలకుండా రుద్దింది. చూస్తూ కూర్చోలేక మిగతా రోగుల తాలూకువాళ్ళు కూడా పీచు పట్టుకున్నారు. అంతా ఆరాక డాక్టర్ హైమ పంపిన కొత్త బ్లీచింగ్ నీళ్ళతో తుడిచారు. నర్సు కృపమ్మ పట్టకార్లూ కత్తెర్లూ గిన్నెలో వేసి స్టవ్వు మీద సలసలా మరగబెట్టింది. మరగబెట్టకూడదని ఎక్కడా రూలు లేదు, నన్నడిగే చేసింది.

పదింటికి సూపరింటెండెంట్ గారు రౌండ్సుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. వార్డంతా బ్లీచింగ్ వాసన.

"ఏమిటీ వాసన? ఎవరు చేశారీ పని?"

"నేనేనండి. శుభ్రం చేశానండి" అంది మంగాయమ్మ.

"ఎవరి అనుమతితో చేశావు?"

"అనుమతేంటండి, ఇంటికాడ రోజూ చేసేదే కదండి."

నన్ను పిలిచి ఆవిడ మీద చర్యకి ఏ నిబంధన పనికొస్తుందో వెతకమన్నారు. వెతికాను. రోగుల తాలూకువాళ్ళు వార్డులో వండకూడదు, ఉమ్మకూడదు, ఖాళీ మంచాల మీద పడుకోకూడదు అని ఉంది. శుభ్రం చెయ్యకూడదని లేదు. ఆ ప్రమాదాన్ని ఎవరూ ఊహించినట్టు లేదు. అయితే కొత్త సర్క్యులర్ రాయమన్నారు. రాశాను. "శుభ్రం" అంటే ఏమిటో నిర్వచించాలని పైకి పంపాను. నిర్వచనం రాగానే అందులో "తుడుచుట" చేరునా లేదా అని మళ్ళీ పంపాను. దానికి న్యాయ సలహా కావాలన్నారు. సంతోషంగా అక్కడికీ పంపాను. ఫైలుని నడిపించడం కన్నా నడవకుండా చూడటం కష్టం. నాకు అది బాగా చేతనవును.

ఫైలు తిరుగుతున్నన్నాళ్ళూ మంగాయమ్మ తోముతూనే ఉంది. డాక్టర్ హైమ సూరన్న కాల్లోని క్రిమికి ఏ మందు ఇంకా పనిచేస్తుందో పరీక్ష చేసి వెతికి పట్టుకున్నారు. వాపు తీసింది. చీము ఆగింది. సర్జన్ గారు చూసి, పాదం తీయక్కర్లేదన్నారు. ఆ మాట విని సూరన్న మొహం గోడవైపు తిప్పుకుని చాలాసేపు అలాగే పడుకున్నాడు. ఈసారి ఏడుస్తున్నాడని వీపు చూస్తే తెలిసింది. నేనూ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను.

కథ ఇక్కడితో అయిపోతే బాగుండును. కానీ ప్రత్యేకాధికారి గారు రెండోసారి తనిఖీకి వచ్చారు. సూరన్న పాదం చూశారు. చీము లేదు, వాసనా లేదు.

"ఎలా సాధించారు?" అన్నారు.

సూపరింటెండెంట్ గారు ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. "దశలవారీ విధానం సార్. డ్రమ్ములో పూర్తి మోతాదుకి ఏ వారం చేరామో, సరిగ్గా ఆ వారం నుంచే ఈ పాదం తగ్గుముఖం పట్టింది."

తేదీలు కలిశాయి కనుక కాదనడానికి లేదు. డాక్టర్ హైమ కాదన్నారు. బకెట్టు సంగతి, బ్లీచింగ్ సంగతి, పట్టకార్లు మరగబెట్టిన సంగతి అన్నీ చెప్పారు. ప్రత్యేకాధికారి గారు శ్రద్ధగా విని, "మీ అభిప్రాయాన్ని నమోదు చేసుకున్నాం. ప్రజాభాగస్వామ్యం కూడా తోడైందన్నమాట" అన్నారు. తర్వాత స్టోరు గదికి వెళ్ళి నీలం డ్రమ్ముని అరచేత్తో తట్టారు. తనకి ఇష్టమైన గేదెని తట్టినట్టు తట్టారు.

"ఇలాంటి ద్రావణం జిల్లాలో ఇంకెక్కడా లేదు" అన్నారు. "మిగతా ఆస్పత్రులవాళ్ళు సీసా విప్పి కొత్త మందు పోస్తున్నారు. కొత్త మందుకి ఏం అనుభవం ఉంటుంది? ఇది మెట్టు మెట్టుగా పరిణతి చెందింది. పాలలో తోడు వేస్తే పెరుగు తోడుకున్నట్టు, ప్రతి ఆస్పత్రి డ్రమ్ములోనూ దీన్ని కాస్త కలపాలి."

డాక్టర్ హైమ ఆ రాత్రే పై అధికారులకి రాశారు. "తగు చర్య నిమిత్తం పరిశుభ్రతా ప్రత్యేకాధికారి గారికి పంపడమైనది" అని జవాబు వచ్చింది. ఆవిడ ఆ కాగితం నాకు చూపించి, తిరిగి మడిచి, బ్యాగులో పెట్టుకున్నారు. ఆ నీళ్ళు డబ్బాల్లో పోసి అన్ని ఆస్పత్రులకీ పంపాలన్న ఆర్డరు ఆపడానికి నేనూ నాకు తెలిసిన కొర్రీలన్నీ వేశాను. డబ్బాల మూతలు ఏ రంగువి ఉండాలో స్పష్టత కోరాను. గంటలో ఫోన్లోనే స్పష్టత ఇచ్చారు. మంచిపని చెయ్యాల్సిన ఫైలు ఏళ్ళు పడుకుంటుంది, దీనికి మాత్రం కాళ్ళొచ్చాయి. అంత కోపం నాకు సర్వీసులో ఎప్పుడూ రాలేదు.

శుక్రవారం ఉదయం ఆస్పత్రి ముందు షామియానా వేశారు. తెల్ల డబ్బాలు వరసగా పేర్చి, ఒక్కోదాని మీద ఒక్కో ఊరి ఆస్పత్రి పేరు అంటించారు. ప్రసూతి ఆస్పత్రి డబ్బా అన్నిటికన్నా పెద్దది. వేదిక మీద కుర్చీలో సూరన్న కూర్చున్నాడు. కాలు ఎత్తు పీట మీద పెట్టించి, జనానికి కనబడేలా లుంగీ కాస్త పైకి మడిచారు. పాపం సిగ్గుపడిపోతున్నాడు. ప్రత్యేకాధికారి గారు ఆ పాదాన్ని చూపించి చాలాసేపు మాట్లాడారు. "ఈ పాదం ఒక వ్యక్తిది కాదు, ఒక విధానానిది" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. వ్యానులకి జెండా ఊపారు.

మంగాయమ్మ జనం వెనకాల నా పక్కన నిలబడి ఉంది. చేతిలో ఇంటికి తీసుకెళ్ళే సామాను సంచి. వ్యానులు ఒక్కొక్కటే గేటు దాటుతుంటే అడిగింది.

"ఆ డబ్బాల్లో ఏంటండి గుమస్తా గారూ?"

"మన డ్రమ్ములో నీళ్ళమ్మా."

"నేను పారబోసిన నీళ్ళేనాండి?"

"అవే. అన్ని ఊళ్ళ ఆస్పత్రులకీ పంపుతున్నారు."

ఆఖరి వ్యాను, ప్రసూతి ఆస్పత్రిది, మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత సంచి ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుని అడిగింది.

"మరి అక్కడ పారబొయ్యడానికి ఎవరున్నారండి?"